శ్రుతిభేదము అపశ్రుతి కాదు

గురువు శిష్యునికి నేర్పుట లోకవిదితము. శిష్యుడు గురువునకు నేర్పిన సందర్భములును కలవు. నా యనుభవమునకు వచ్చిన అట్టిదానినొకదానిని ఈ సంచికయందు మీకు నివేదింప దలచితిని.

ఈ హోసూరు ప్రాంతముననే పుట్టి పెరిగి, ఆంధ్రదేశమున పండితశిక్షణ పొంది, తిరిగి ఇచ్చటనే ఉద్యోగమున చేరినవాడను నేను. క్రొత్తలో నాకు ఎఱ్ఱసిరాపై మక్కువ మెండు. ఒకనాడొక బాలుడు తన వ్యాసమున "ఈపొద్దు మా ఇంట్లో పండగ" అని వ్రాసెను. నేను "ఈపొద్దు"ను కొట్టివేసి "నేడు" అని దిద్ది, తరగతిలో బిగ్గరగా చదివి అందఱను నవ్వించితిని. ఆ బాలుడు మాత్రము నవ్వలేదు. అటుపిమ్మట అతని వ్యాసములలో తప్పులు లేవు; కాని అవి నాలుగు పంక్తులను మించనులేదు. దీని కారణము నాకప్పుడు తోపలేదు.

అతడు పెరిగి కంప్యూటరు శాస్త్రము చదివెను. చదువుచుండగనే మన పాఠశాల గ్రంథాలయమునకు పుస్తకముల పట్టికను కంప్యూటరున అమర్చి యిచ్చెను. చిన్నపిల్లలు గుణింతములు నేర్చుకొనుటకొక ఆటను కూర్చెను. కళాశాలలో నుండగా ఒకసారి విన్న జావాద్వీపపు గమెలాన్ సంగీతము అతని మనస్సును పట్టినది. పట్టము పొందిన పిదప, ఇండొనీషియా ప్రభుత్వము విదేశీయులకొసగు దర్మసిస్వ విద్యార్థివేతనముతో ఒక సంవత్సరము సురకర్త నగరమున ఆ విద్యను అభ్యసించెను.

గమెలాన్ అనునది ఒక వాద్యము కాదు, వాద్యముల కూర్పు. కంచుపలకలను వరుసగా పేర్చిన సరోన్, చిన్న కుండలను బోర్లించినట్లుండు బొనాంగ్, కెండాంగ్ అను మద్దెల, అన్నిటికిని పెద్దయగు గాంగ్ ఇందు కలవు. వాని చెంతకు పాదరక్షలతో పోరాదు, వానిని దాటరాదు. పుస్తకమునకు కాలు తగిలినచో కన్నులకద్దుకొను మనకు ఈ మర్యాద వింత కాదు. లద్రాంగ్ అను రచనాభేదమున పెద్ద గాంగ్ 32 మాత్రలకొకసారి మాత్రమే మ్రోగును. ఆ ఒక్క దెబ్బకై చెవియొగ్గి లెక్కించుచు కాచియుండుటయే తన మొదటి పాఠమని శిష్యుడు నాకు వ్రాసెను.

1900 ప్రాంతమున సురకర్తయందేర్పడిన కెపతిహాన్ అను స్వరలిపిలో అక్షరములకు బదులు అంకెలు వాడుదురు. ఐదు స్వరముల స్లెంద్రోకు 1, 2, 3, 5, 6. ఏడు స్వరముల పెలోగ్‌కు 1 మొదలు 7 వఱకు. అంకెలు కనబడినచో కంప్యూటరు చదివినవాడు ఊరకుండునా? వానిని చదివి పలికించు సాఫ్ట్‌వేరును అతడు రచించెను. స్వరములకు హార్మోనియము మెట్లను ఆధారముగా గైకొనెను. వినుటకది మన మోహనరాగమువలె ఇంపుగనే యుండెనట. అచ్చటి గురువు విని, చిరునవ్వుతో, "ఇది ఏ ఇంటి గమెలాన్?" అని అడిగెనట.

ఏలయన, ప్రతి కూర్పునకును దాని శ్రుతి దానిదే. కంచుపనివారు ఒక కూర్పులోని వాద్యములను ఒండొంటికి సరిపడునట్లు శ్రుతి చేయుదురు; వేఱొక కూర్పుతో సరిపోవలెనను నియమము లేదు. ఒకదాని పలకను తెచ్చి మఱొకదానియందు చేర్చిన పొసగదు. పేరెన్నికగన్న కూర్పులకు మనుష్యులకువలె పేళ్లుండును. పేరునకు ముందు "క్యాయి" అను గౌరవవాచకమును చేర్చుదురు. శిష్యుడు పలకపలకకును నాదమును రికార్డు చేసి, సెకనునకెన్ని కంపనములో గణించి, కూర్పునకొక పట్టిక వ్రాసెను. అంకెలు మాఱవు, పట్టికను మార్చినచో అదే పాట ఆ యింటి గొంతుతో పలుకును.

ఆ ఉత్తరము చివర ఒక్క వాక్యముండెను: "అయివారూ, ఈపొద్దు అది సరిగ్గా పలికింది."

ఆ మాటను నేను పెక్కుసార్లు చదువుకొంటిని. హార్మోనియముతో కంచుపలకలను కొలిచిన తప్పును శిష్యుడు కొన్ని వారములలో దిద్దుకొనెను. పొరుగునాట నేర్చిన భాషతో మన పిల్లల నోటిమాటను కొలిచిన తప్పును నేను ఏండ్ల తరబడి దిద్దుకొనలేదు. నాడు తరగతిలో అందఱి యెదుట నవ్వించితిని. నేడు ఈ పుటలో అందఱి యెదుట అతనిని క్షమింప వేడుచున్నాను.

బాలబాలికలారా! పరీక్షయందును పత్రికయందును పదిమందికి తెలియు భాషను వ్రాయవలసినదే. ఒక కూర్పున వాయించువారందఱును ఒకే శ్రుతిని అనుసరింపవలయును గదా! తల్లిదండ్రులారా! మీ యింటి మాట తప్పని మీ బిడ్డతో ఎవ్వరు చెప్పినను, నేనే చెప్పినను, నమ్మకుడు. ఇప్పుడు నేను ఇంటిమాటను కొట్టివేయుట మానితిని. దాని ప్రక్కన గ్రంథభాషాపదమును నీలిసిరాతో వ్రాయుచున్నాను. వ్యాసములు కొంత పొడవుగనే వచ్చుచున్నవి.