అన్నీ ఒకటే అంటే ఒప్పుకోను

"అన్నీ ఒకటే కదా బావా! ఒకటుంటే చాలదా?"

మొన్న భోజనానికి వచ్చిన మా బావమరిది, గరాజ్ గోడకు వరసగా వేలాడుతున్న, తాడు మీద ఎక్కడానికి వాడే అసెండర్లను చూసి అన్నమాట ఇది. అతనొక్కడే కాదు. సత్యనారాయణ వ్రతానికి వచ్చినవాళ్లు, పిల్లల పుట్టినరోజుకు వచ్చినవాళ్లు, ఇండియా నుంచి వచ్చి మా దగ్గర ఉండి వెళ్లిన పెద్దమ్మ, అందరిదీ అదే మాట. ఎంత ఖర్చయిందని అడిగినా నాకు కోపం రాదు. ప్రాణం మీదికి తెచ్చుకునే సరదా ఎందుకని మందలించినా వింటాను. ఈ "అన్నీ ఒకటే" మాత్రం మనసుకు పడదు.

ఒకటి కావు. పోచంపల్లి, గద్వాల, మంగళగిరి మూడూ చీరలే కదా, ఒకటుంటే చాలదా అని మా ఇంట్లో ఎవరూ అనరు. అంచు చూసి ఊరు చెప్పగల ఆడవాళ్లున్న ఇంట్లో, పిడి చూసి దేశం చెప్పగల నా చూపుకు మాత్రం విలువ లేదు.

నేనుండేది అలబామా రాష్ట్రంలోని హంట్స్‌విల్‌లో. నాసా వారి మార్షల్ కేంద్రం ఉంది కాబట్టి మనవాళ్లకు ఇది రాకెట్ల ఊరు. నాకు మాత్రం గుహల ఊరు. టెనెసీ, అలబామా, జార్జియా కలిసేచోట నేలంతా సున్నపురాయి, ఆ రాయి కింద ఎక్కడ చూసినా గుహలే. 1941లో పుట్టిన అమెరికా గుహాన్వేషకుల సంఘం, నేషనల్ స్పిలియలాజికల్ సొసైటీ, కేంద్ర కార్యాలయం కూడా ఇక్కడే ఉంది. బొర్రా గుహల్లో మెట్లు దిగి, దీపాల వెలుగులో చూసి వచ్చినట్టు ఇక్కడ కుదరదు. చాలావాటికి దారి నిలువు బావి. జార్జియాలోని ఎల్లిసన్స్ కేవ్‌లో ఫెంటాస్టిక్ పిట్ అనే బావి లోతు 586 అడుగులు. పైన కట్టిన తాడు ఒక్కటే ఆధారం. చుట్టూ చీకటి, గోడ చేతికందదు. దిగడానికి మన బరువే సాయం చేస్తుంది. ఎక్కి రావడానికి ఏదీ చేయదు. అక్కడ కావాలి అసెండర్.

చూడ్డానికి చిన్న వస్తువు. అరచేతికి సరిపడే పిడి, దానిపైన తాడు ఇమిడే గాడి, ఆ గాడిలోకి స్ప్రింగుతో మూసుకునే పళ్ల క్యామ్. పైకి తోస్తే తాడు మీద జరుగుతుంది, కిందికి లాగితే కరిచి పట్టుకుంటుంది. దాని కింది రంధ్రానికి కాలి తాడు కడతాం. ఛాతీ దగ్గర పిడిలేని అసెండర్ ఇంకొకటి ఉంటుంది. ఛాతీది బరువు మోస్తుండగా చేతిలోదాన్ని పైకి తోయాలి, కాలి తాడు మీద లేచి నిలబడాలి, ఛాతీది జరిగి పైకొస్తుంది, మళ్లీ దానిమీద కూర్చోవాలి. ఫ్రాగ్ పద్ధతి అంటారు. బావి నోరు కనిపించేదాకా ఇదే పని. ఈ పని చేసినవాళ్లెవరూ అన్నీ ఒకటే అనగా నేను వినలేదు.

నా గోడ మీద మొదటి మేకు స్విట్జర్లాండ్ జుమార్‌ది. మన పర్వతారోహకులు ఇప్పటికీ ఏ కంపెనీదైనా జుమార్ అనే పిలుస్తారు. ఆ పేరు ఇద్దరు మనుషులది: అడాల్ఫ్ యూసి, వాల్టర్ మార్టి. యూసి గద్దల మీద పరిశోధన చేసేవాడు. గూళ్లేమో కొండ అంచుల్లో ఉంటాయి, తాళ్ల మీద ఎక్కిదిగాలి. ఆ అవసరానికి మార్టి రూపమిచ్చాడు. 1958లో అది బజారుకొచ్చింది. చట్రం, పిడి కలిపి పోతపోసిన అల్యూమినియం. చేతికి నిండుగా ఉంటుంది, గ్లవ్ తొడిగినా పడుతుంది. కానీ పోతపోసిన లోహం గట్టి దెబ్బకు వంగదు, విరుగుతుంది. అందుకని ఆనాటివాళ్లు చట్రంలోంచి నైలాన్ పట్టీ దూర్చి అదనపు భద్రత చేసుకునేవారు. నా దగ్గరున్న జుమార్‌కు మాసిన పట్టీ ఇంకా అలాగే ఉంది. నేను విప్పలేదు, విప్పను.

దాని పక్కన అమెరికాలోనే తయారైన సీఎంఐ. పోత కాదు, అచ్చులోంచి ఒత్తి తీసిన దళసరి అల్యూమినియం. బరువెక్కువ, మొండితనమూ ఎక్కువ. పోత విరుగుతుందన్న భయానికి ఒక దేశం చెప్పిన జవాబు అది. వేల్స్‌వాళ్ల క్లాగ్‌ది, ఫ్రాన్స్ పెట్జల్‌ది మరో దారి: రేకును కోసి వంచారు. రేకు తేలిక, పైగా తట్టుకోలేని బరువు పడితే ఒక్కసారిగా విరక్కుండా ముందు వంగుతుంది. ఫెర్నాండ్ పెట్జల్ స్వయంగా గుహలు దిగినవాడు, పనిముట్లు చేసే చేయి ఉన్నవాడు. గ్రెనోబుల్ దగ్గర డాన్ ద క్రోల్ కొండ లోపలి గుహల్ని పియేర్ షెవాలియే బృందంతో కలిసి శోధించాడు. 1968లో బ్రూనో డ్రెస్లర్‌తో కలిసి అసెండర్ల తయారీ మొదలుపెట్టాడు. 1975లో కంపెనీ పుట్టింది. ఇప్పటికీ అది ఆ కొండ కింది క్రోల్ ఊళ్లోనే ఉంది. వాళ్ల ఛాతీ అసెండర్‌కు ఆ ఊరి పేరే పెట్టారు. పెట్జల్ క్యామ్ మధ్యలో ఒక చీలిక కనిపిస్తుంది. తాడుకు పట్టిన బురద అందులోంచి బయటికి పోవడానికి అది. గుహల్లో బతికిన చేయి చేసిన పని అది.

వీటన్నిటికంటే ముందు 1931లో ఆస్ట్రియా దేశస్తుడు కార్ల్ ప్రూసిక్ ప్రచురించిన ముడి ఉంది. సన్న తాడును లావు తాడుకు చుట్టి వేసే ఆ ముడి ఇప్పటికీ అందరికీ వచ్చి తీరాలి. పరికరం చేజారిపోతే ప్రాణం కాపాడేది అదే. ఉటా రాష్ట్రానికి చెందిన చార్లెస్ గిబ్స్ చేసిన రకానికి పిడి లేదు, సూది పళ్లూ లేవు. మన బరువే మీటలా క్యామ్‌ను తాడుకు ఒత్తుతుంది. బురద తాడు మీద దాన్ని మించింది లేదనేవాళ్లు మా ప్రాంతంలో ఇంకా ఉన్నారు. గోడ మీద దానికి వేరే వరస.

మా బావమరిది చేతికి మూడింటిని ఇచ్చాను. "కళ్లు మూసుకుని, గ్లవ్ తొడిగి, ఎడమ చేత్తో ఒక్కోదాన్నీ తెరిచి చూడు" అన్నాను. మొదటిది తెరుచుకోలేదు, అది కుడిచేతిది. రెండోదాని క్యామ్‌ను తెరిచే గొళ్లెం బొటనవేలికి అందలేదు. మూడోది తెరుచుకుంది. నీళ్లు కారే బావిలో, వేళ్లు కొయ్యబారిన వేళ, ముడి దాటించాల్సి వచ్చినప్పుడు ఆ తేడానే మనిషిని కాపాడుతుంది. గొళ్లెం మరీ తేలికైతే ఇంకో ప్రమాదం, రాతికి రాసుకుని తనంతట తానే తెరుచుకోవచ్చు. తాడు ఏటవాలుగా ఉన్నప్పుడు పరికరం మెలితిరిగి తాడు జారిపోకుండా, పైనున్న రంధ్రాల్లో కారబినర్ అనే కొక్కెం వేసి తాడును బంధిస్తాం. ఆ రంధ్రాలు కొన్నింటికి ఉంటాయి, కొన్నింటికి ఉండవు. పళ్లు అరిగిన క్యామ్ జారుతుంది, పళ్లు మరీ పదునైతే తాడు పైతొడుగును తినేస్తుంది. ఐరోపా ప్రమాణం ఈఎన్ 567 ప్రకారం అసెండర్ 4 కిలోన్యూటన్లు తట్టుకోవాలి. అంటే సుమారు 400 కిలోల బరువు. ఆ సంఖ్య చూసి ధీమా పడకూడదు. తాడు వదులుగా ఉండగా దానిమీద ఎగిరిపడితే పళ్లు తొడుగును చీల్చేస్తాయి. పరికరంతో పాటు తాడునూ తెలుసుకోవాలి. 1966 మార్చిలో ఆల్ప్స్‌లోని ఐగర్ ఉత్తర ముఖం మీద పర్వతారోహకుడు జాన్ హార్లిన్ జుమార్లతో ఎక్కుతుండగా 7 మిల్లీమీటర్ల తాడు తెగి చనిపోయాడు.

బావమరిది కాసేపు మౌనంగా ఉండి, "అయినా చూడ్డానికి ఒకటే కదా" అన్నాడు.

ఇక్కడి గుహల వాళ్లలో నేను మెచ్చేది ఈ విషయమే. వీళ్లు చూసి ఊరుకోరు. నిలువు బావుల విద్య కోసమే సొసైటీలో ఒక విభాగం ఉంది, దానికి 'నైలాన్ హైవే' అనే పత్రిక ఉంది. అలెన్ ప్యాడ్జెట్, బ్రూస్ స్మిత్ 1987లో తెచ్చిన 'ఆన్ రోప్' పుస్తకం చాలామంది ఇళ్లలో ఉంటుంది. ఏ సంవత్సరంలో ఏ రివెట్టు మారింది, ఏ పిడి రంగు ఎప్పుడు ఆగిపోయింది అని గంటలకొద్దీ మాట్లాడే ముసలివాళ్లున్నారు. అలాంటి ఒక పెద్దాయన పోయాక, ఆయన భార్య నన్ను పిలిచి అట్టపెట్టె ఒకటి ఇచ్చింది. లోపల ప్రతి అసెండర్‌కూ చిన్న చీటీ కట్టి ఉంది. ఎక్కడ కొన్నాడు, ఏ గుహలో వాడాడు, ఎందుకు పక్కన పెట్టాడు, అంతా పెన్సిల్‌తో రాసి ఉంది. నా దగ్గరున్న వస్తువుల్లో అన్నిటికంటే విలువైనవి ఆ చీటీలే.

కానీ గుహల వాళ్ల కూడిక ఒకదానిలో ఒకాయన "మీ వైపు తాడు మీద ఎక్కే విద్య లేదేమో" అన్నప్పుడు నాకు చురుక్కుమంది. ఎందుకు లేదు? 2014 మే 25న పదమూడేళ్ల మాలావత్ పూర్ణ, ఖమ్మం వైపు పిల్లవాడు ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కారు. ఆ దారి నిండా కట్టిన తాళ్లే, ఆ తాళ్ల మీద చేతిలో జుమారే. అంతకుముందు, తరతరాల ముందు, మా నల్లగొండ జిల్లాలో గౌడన్నలు తెల్లవారకముందే నడుముకు మోకు, అంటే చెట్టెక్కే తాడు, వేసుకుని కల్లు గీయడానికి తాటిచెట్లెక్కేవారు. జుమార్ పుట్టినప్పటికి వాళ్లది ఎంత పాత విద్యో లెక్క కట్టడం ఎవరి తరమూ కాదు. ఇదంతా ఆయనకు చెప్పాను, గట్టిగానే చెప్పాను.

నిజానికి ఆ పోలిక కొంతదూరమే వస్తుంది. మోకు చెట్టునూ మనిషినీ కలిపి చుట్టుకుంటుంది. పాదాలు మానును తొక్కిపడతాయి, వీపు వెనక్కి వాలితే మోకు బిగుస్తుంది. పట్టంతా చెట్టు ఇస్తుంది. వేలాడే తాడుకు మానే లేదు, పట్టు ఇవ్వాల్సింది ఆ పళ్ల క్యామ్ ఒక్కటే. రెండూ వేర్వేరు విద్యలు. అయినా బావిలో సగం దూరంలో ఆగి ఊపిరి తీసుకునేటప్పుడు నాకు గుర్తొచ్చేది మా ఇంటి వెనక గౌడ మామే.

మామ చెట్టెక్కే ముందు మొదట్లో నిలబడి, మోకును మానుకు చుట్టి, వెనక్కి వాలి రెండు మూడుసార్లు గుంజి చూసేవాడు. అప్పుడే కాలు పైన పెట్టేవాడు. దిగాక వేపచెట్టు కింద కూర్చుని మోకంతా వేళ్లతో తడుముతూ, పోగు లేచినచోట సరిచేసుకునేవాడు. పక్కూరాయన ఒకరోజు తన మోకు తెగిందని మామది అడిగాడు. మామ ఇవ్వలేదు. "ఇది నా నడుముకు పట్టిన మోకు బిడ్డా, ఇంకొకని నడుముకు పట్టది" అని నాతో అన్నాడు. కల్లు మాత్రం ఆయనకు పోసి పంపాడు. ఏ పెట్జల్‌కూ తీసిపోని జ్ఞానం ఆ వేళ్లలో ఉండేది.

ఆ మోకు ఇప్పుడు లేదు. మామ చెట్టెక్కడం మానేశాక ఏమైందో వాళ్లింట్లో ఎవరికీ తెలియదు. ఎవరు పేనారో, ఎన్ని పేటలు వేశారో, నడుము దగ్గర లావెంత ఉంచారో రాసినవారు లేరు. నా బాధంతా ఇక్కడే. మన బెలూం గుహల గురించి 1884లో నమోదు చేసింది రాబర్ట్ బ్రూస్ ఫుట్, 1980ల్లో లోపలికి దూరి కొలిచింది జర్మన్ గెబావర్ బృందం. వాళ్లకు దండం పెడతాను. మన గుహల్ని వాళ్లు కొలిచిపెట్టారు. మన మోకుల్ని మనమైనా కొలవాలి కదా? వస్తువు మన చేతిలో ఉన్నన్నాళ్లూ అన్నీ ఒకటే అనుకుంటాం. పోయాక ఏది ఎలా ఉండేదో చెప్పేవాడుండడు.

2024 జులైలో తెలంగాణ ప్రభుత్వం లష్కర్‌గూడలో కాటమయ్య రక్ష కవచం పేరుతో గీత కార్మికులకు భద్రతా కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ వార్త చూసి నాకు నిజంగా సంతోషం కలిగింది. చెట్టు మీంచి పడి నడుములు విరిగినవాళ్లను చూస్తూ పెరిగినవాణ్ని. ప్రతి గౌడన్నా ఆ కిట్టు వేసుకునే ఎక్కాలి, అందులో రెండో మాట లేదు. కొత్తది రావాలి, పాతది విశ్రాంతి తీసుకోవాలి. స్విస్ జుమార్ నా గోడ మీద చేస్తున్నది అదే, దాంతో నేనిప్పుడు బావిలోకి దిగను. కానీ విశ్రాంతి వేరు, చెత్తకుప్ప వేరు.

అందుకే ఇది చదువుతున్న మీకు ఒక విన్నపం. మీ ఇంట్లోనో, మీ ఊళ్లో తెలిసినవారి ఇంట్లోనో అటక మీద పాత మోకు, గీత పనిముట్ల ముస్తాదు ఉంటే పారేయనివ్వకండి. వాడిన మనిషి ఉంటే పక్కన కూర్చుని అడగండి: ఎవరు పేనారు, దేంతో పేనారు, ఎన్నేళ్లు వాడారు, ఎందుకు మార్చారు. ఆయన చెప్పింది చెప్పినట్టు ఒక చీటీ మీద రాసి, ఊరి పేరు, సంవత్సరం వేసి, ఆ మోకుకే కట్టి ఉంచండి. ఆ మనిషి ఉండగానే ఈ పని చేయండి.