నాయన దిద్దించిన అచ్చులు

నగోయాలో మా అపార్ట్‌మెంటు గోడలు మరీ పల్చన. ఒకరోజు లిఫ్ట్ దగ్గర పక్కింటి పెద్దాయన నడుం వంచి పలకరించి, "ఈ మధ్య మీరు బాగా అలసిపోతున్నట్టున్నారు" అన్నాడు. పాపం, ఎంత అభిమానమో అనుకున్నాను. ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ పడీపడీ నవ్వింది. అది నా గురక మీద ఫిర్యాదట! జపాన్‌లో ఫిర్యాదు కూడా పరామర్శలాగే ఉంటుంది.

డాక్టరు దగ్గరకు వెళితే రాత్రి ఇంట్లోనే పెట్టుకోమని వేలికో క్లిప్పు, ముక్కుకో గొట్టం ఇచ్చి పంపారు. ఆ తర్వాత ఒక రాత్రి ఆసుపత్రిలో పడుకోబెట్టి, ఒంటినిండా వైర్లు తగిలించారు. గంటకు సగటున 17 సార్లు నా ఊపిరి ఆగడమో, సన్నబడడమో జరుగుతోందని తేలింది. ఆగితే కనీసం పది సెకన్లు. మెలకువగా ఉన్నప్పుడు నాలుకను ముందుకు పట్టి ఉంచే కండరం నిద్రలో సడలుతుంది. వెల్లకిలా పడుకుంటే నాలుక వెనక్కి జారి గొంతుకు అడ్డం పడుతుంది. గాలి ఆ సందులోంచి దూరేటప్పుడు వచ్చే మోతే గురక. దారి పూర్తిగా మూసుకుంటే మోత కూడా ఉండదు. భయపడాల్సింది ఆ నిశ్శబ్దానికి.

మాస్కుతో గాలిని తోసే సీప్యాప్ యంత్రానికి అప్పట్లో అక్కడి బీమా వర్తించాలంటే, ఆసుపత్రి పరీక్షలో ఆ లెక్క కనీసం 20 ఉండాల్సి వచ్చేది. నాకు మూడు తక్కువ. బరువు తగ్గమన్నారు, పక్కకు తిరిగి పడుకోమన్నారు, నాలుకకు కసరత్తు చెప్పారు. నాలుక కొనను అంగిట్లో ఆనించి వెనక్కి జరపడం, నాలుక మొత్తాన్ని అంగిలికి అతికించి పీల్చడం, కొనను కింది పళ్లకు ఆనించి నాలుక మొదలును కిందికి నొక్కడం, కొండనాలుక పైకి లేచేలా 'ఆ' అనడం. ఇదేదో వింత వైద్యం అనుకున్నాను గానీ, బ్రెజిల్‌లోని సావోపాలోలో 31 మంది మీద మూడు నెలలు పరీక్షించి 2009లో ఫలితాలు ప్రకటించారట. కసరత్తు చేసినవాళ్లలో ఆ లెక్క సుమారు 22 నుంచి 14కు దిగింది. ఉత్త దీర్ఘశ్వాస తీసుకున్నవాళ్లలో చెప్పుకోదగ్గ మార్పేమీ లేదు.

ఫుకుఓకా డాక్టరు ఇమాయ్ కజుఅకి నేర్పిన కసరత్తు ఇంకా తేలిక. ఆ అని నోరు బార్లా తెరవాలి, ఈ అని పెదాలు సాగదీయాలి, ఊ అని ముందుకు చాచాలి, బే అని నాలుక గడ్డం దాకా చాపాలి. రోజుకు ముప్పై సార్లు. ఆయన దీన్ని నోటితో ఊపిరి పీల్చేవాళ్లను ముక్కుకు మళ్లించడానికి పెట్టారు, గురక మందుగా కాదు. నేను రెండూ కలిపి చేశాను.

మొన్న వేసవిలో వరదయ్యపాళెం దగ్గరి మా ఊరికి వెళ్లాను. మిద్దె మీద పడుకుంటే శ్రీ సిటీ పారిశ్రామికవాడ దీపాలు తెల్లార్లూ కనబడతాయి. 2008కి ముందు ఆ దిక్కున చీకటి తప్ప ఏమీ ఉండేది కాదు. నేను జపాన్ భాషలో మొదటి ముక్క నేర్చుకున్నదీ అక్కడి ఫ్యాక్టరీలోనే. పొద్దున్నే పిట్టగోడ దగ్గర ఆ, ఈ, ఊ, బే అంటుంటే నాయన కిందనుంచి, "ఏమిరా, నలభై ఏళ్లకి అచ్చులు దిద్దుతా ఉండావు?" అన్నాడు. ముప్పై ఏళ్లు ఒకటో తరగతికి పలక పట్టించిన మనిషి. సంగతి విని తనూ మొదలుపెట్టాడు. పైగా ట, ఠ, డ, ఢ, ణ రోజూ పలికితే ఇంకా మేలని తన సొంత సిద్ధాంతం. దానికి రుజువేమీ లేదు, కానీ నాయనతో ఎవరు వాదిస్తారు?

అసలు సమస్య బావది. రాత్రి షిఫ్టు వాళ్లను సూళ్లూరుపేట నుంచి శ్రీ సిటీకి బస్సులో తీసుకెళతాడు. "మీ బావ ఇంజను నడిమధ్యలో ఆగిపోయి, మళ్లీ స్టార్టవుతాది రా" అని అక్క నవ్వుతూనే చెప్పింది. నాకు నవ్వు రాలేదు. 2003 ఫిబ్రవరిలో జపాన్‌లో జరిగింది బావకు చెప్పాను. గంటకు 270 కిలోమీటర్ల వేగంతో పోతున్న బుల్లెట్ రైల్లో డ్రైవరు ఎనిమిది నిమిషాలు నిద్రపోయాడు. ఒకయామా స్టేషన్లో రైలు తనంతట తానే ఆగింది కాబట్టి సరిపోయింది. అతనికీ నిద్రలో ఊపిరి ఆగే ఈ జబ్బేనని తర్వాత తేలింది. బావ కాసేపు మాట్లాడలేదు. "నా బస్సు తనంతట తానే ఆగదు గదరా" అన్నాడు.

చెన్నై వెళ్లి పరీక్ష చేయించాం. గంటకు 41. అచ్చులతో తీరేది కాదది, యంత్రం కొన్నాం. మొదటి వారం మాస్కు పీకి పారేశాడు. ఇప్పుడు అది లేందే నిద్ర పట్టదంటున్నాడు. నా లెక్క అయిదు నెలలకు 11కు దిగింది. అందులో నాలుక వాటా ఎంతో, తగ్గిన నాలుగు కిలోల వాటా ఎంతో నేను చెప్పలేను.

మీ ఇంట్లో గురకపెట్టే మనిషి ఉంటే ఈ రాత్రి ఫోన్లో పది నిమిషాలు రికార్డు చేయండి. మోత సంగతి వదిలేయండి, మధ్యలో ఆగుతోందేమో వినండి. ఆగుతుంటే ముందు డాక్టరుకు వినిపించండి, కసరత్తు సంగతి ఆ తర్వాత.