పుదుపేటలో దొరికిన ఇంజను

చెన్నైలో ఎగ్మూరు స్టేషను దిగి కూవం నది వైపు కొంత దూరం నడిస్తే పుదుపేట వస్తుంది. పాత కారులకు అది అవసాన స్థలమూ, పునర్జన్మ స్థలమూ కూడా. ఒక దుకాణం నిండా తలుపులు, మరొక దాని నిండా రేడియేటర్లు, ఆ పక్కన నడుము ఎత్తున పేర్చిన గేరుపెట్టెలు. నేల నూనె పీల్చి నల్లబడి ఉంటుంది. 2016 వేసవిలో నేనక్కడికి వెళ్ళింది మా నాన్నగారి అంబాసిడరు కొరకు.

అది 1984 నాటి మార్క్ 4. 1489 సి.సి. పెట్రోలు ఇంజను. నెల్లూరు నుండి చెన్నై వెళ్ళినప్పుడల్లా వేసవిలో ఎక్కడో ఒక చోట నిలిచిపోయేది. నాన్నగారు బానెట్టు ఎత్తి పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేసేవారు. మరచెంబుతో నీళ్ళందించడం అమ్మ పని. 'ఎయిర్ పట్టింది' అనేవారు డ్రైవర్లు. నిజానికది గాలి కాదు, పెట్రోలు ఆవిరి. ఆ పంపు ఇంజనుకే బిగించి ఉండి, దాని వేడిలోనే కాగుతూ, వెనుక డిక్కీ కింద ఉన్న ట్యాంకు నుండి పెట్రోలును పీల్చుకోవాలి. పీల్చే గొట్టంలో ఒత్తిడి తగ్గుతుంది. వేడికి పెట్రోలు అందులోనే ఆవిరవుతుంది. ఆవిరిని ఆ పంపు తోడలేదు.

ఇంజను అరిగిపోయాక, దాని స్థానంలో 1.8 లీటర్ల ఇసుజు ఇంజను పెట్టాలని నిశ్చయించుకొన్నాను. 1992లో అంబాసిడరుకే ఆ ఇంజను వచ్చింది. తరువాత దానికే పెట్రోలును చిమ్మే ఇంజెక్షను పద్ధతి అమర్చారు. నాకు కావలసింది ఆ రెండవ రకం. ఇంజను మార్చాలంటే 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం రవాణా అధికారుల అనుమతి ఉండాలి. దాని కొరకు తిరిగిన తిరుగుడు వేరే వ్యాసమవుతుంది.

పుదుపేటలో ఇంజను దొరికింది. పంపు కూడా అక్కడే బేరమాడబోతే వృద్ధుడైన దుకాణదారు వారించాడు. తమిళ యాస కలిసిన తెలుగులో, "ఇంజను నా దగ్గర తీసుకోండి సార్, పంపూ గొట్టాలూ మాత్రం కొత్తవి కొనండి. పాతవి నేనమ్మను" అన్నాడు. అమ్ముకొనేవాడు అమ్మననడం ఆ వీధిలో వింతే.

అతని మాటలోని మర్మం లెక్కలో ఉంది. కారు టైరులో గాలి సుమారు 30 పౌండ్లు నింపుతాము కదా. పాత కార్బురేటరుకు పెట్రోలు 3, 4 పౌండ్ల ఒత్తిడితో అందితే చాలు. ఇంజెక్షను ఇంజనుకు 40 పౌండ్లకు పైగా కావాలి. కనుక పాత పంపు స్థానంలో విద్యుత్ పంపు రావాలి. అది పీల్చడంలో బలహీనం, నెట్టడంలో బలశాలి. అందుచేత దానిని ముందు భాగాన గాక ట్యాంకు దగ్గర, పల్లంలో అమర్చుతారు. మిగిలిన పెట్రోలు తిరిగి ట్యాంకు చేరడానికి మరొక గొట్టం వేస్తారు. వెనుక నుండే ఒత్తిడితో వచ్చే పెట్రోలు అంత తేలికగా ఆవిరి కాదు. ఇన్నేళ్ళ తడిగుడ్డకు అదీ విరుగుడు.

చెన్నైలోనే ఒక వర్క్‌షాపులో పని పూర్తయింది. చెల్లెలి ఇంట ఉన్న అమ్మ, ఆ కారులోనే ఇంటికి వస్తానని పట్టుబట్టి వెనుక సీటులో కూర్చుంది. తడ దాటింది, సూళ్ళూరుపేట సమీపించింది. కారు నదిలో పడవలా సాగుతున్నది. "పెట్రోలు వాసన వస్తున్నదిరా" అన్నది అమ్మ. నాకు రాలేదు. ఆమె మళ్ళీ అన్నది.

తాళం తిప్పి ఇంజను ఆపాను; పంపు ఆగింది. అమ్మను దింపి దూరంగా చెట్టు కింద కూర్చోబెట్టి, కారు కిందికి వంగి చూశాను. ఒత్తిడి భరించవలసిన చోట కార్బురేటరు కార్లకు వాడే మామూలు రబ్బరు గొట్టం బిగించి ఉంది! క్లిప్పు దగ్గర అది ఉబ్బి చెమర్చింది. పాత పద్ధతిలోనైతే బొట్టు బొట్టుగా కారేది. ఈ ఒత్తిడికి గొట్టం విడిపోతే పిచికారీ అవుతుంది. సైలెన్సరు గొట్టం అక్కడికి జానెడు దూరంలో ఉంది. నా చేతులు వణికాయి. ముసలాయన కొత్త గొట్టాలు కొనమన్నాడు, కొన్నాను. అవి ఆ రకానివేనా అని బిగించే ముందు చూడలేదు.

మా తమ్ముడు నెల్లూరులో ఇంజెక్షను గొట్టం, క్లిప్పులు కొని, ఒక మెకానిక్కును వెంటబెట్టుకొని బస్సులో వచ్చేసరికి మూడు గంటలు పట్టింది. అంతసేపూ అమ్మ చెట్టు కిందనే కూర్చుంది. బిగింపు పూర్తయి నేను బానెట్టు మూయబోతుంటే లేచి వచ్చి మరచెంబు చాచింది.

"పంపు మీద తడిగుడ్డ వేయవా?"

"ఇప్పుడక్కడ పంపు లేదమ్మా" అన్నాను. ఆమె నమ్మినట్లు లేదు. చెంబును ఒడిలోనే పెట్టుకొని నెల్లూరు దాకా వచ్చింది.