వర్ధమాన నటి

మద్రాసు వడపళనిలో మా ఇంటి మేడమీద రేకుల గది ఒకటుండేది. నేను ఐదో తరగతిలో ఉండగా, 1972లో, తెనాలి నుంచి ఒకమ్మాయి తల్లిని వెంటబెట్టుకుని వచ్చి ఆ గదిలో దిగింది. ఊళ్లో నాటకాలాడిందట. మాకు ఆమె మేడమీద అక్క.

వాహినీ, ఏవీఎం రెండూ మాకు నడకదూరమే. తెల్లవారకముందే సందు మొగలో కంపెనీ వ్యాను హారన్ మోగితే ఆ పూట అక్కకు వేషం ఉన్నట్టు. మోగకపోతే పిట్టగోడ దగ్గర నిలబడి చాలాసేపు రోడ్డు వంకే చూసేది.

బోరింగు దగ్గర ఆడవాళ్లు ఆమెను ‘ఎక్స్‌ట్రా’ అనేవారు. ఆ మాట చెవినపడి, అక్క సగం నిండిన బిందెనే ఎత్తుకుని మెట్లెక్కిపోవడం నేను కళ్లారా చూశాను.

ఒక ఆదివారం సినిమా పత్రిక పట్టుకుని గబగబా కిందికి వచ్చింది. లోపలి పేజీలో తపాలా బిళ్లకన్నా కాస్త పెద్ద ఫొటో. దాని కింద ‘వర్ధమాన నటి’ అని, పక్కన ఆమె పేరు. పేరులో ఒక ఒత్తు ఎగిరిపోయింది. అక్క దాన్ని వేలితో తడిమి ఊరుకుంది. “బాబూ, వర్ధమాన అంటే ఏందిరా? మీ నాన్నగారిని అడుగు” అంది.

నాన్న అచ్చాపీసులో కంపోజిటరు. సీసపు అక్షరాలు ఏరి ఆ మాటను ఎన్నిసార్లు పేర్చారో! అక్కను కూర్చోబెట్టి చెప్పారు: “వర్ధిల్లమని దీవిస్తాం కదమ్మా, ఇదీ అదే ధాతువు. పెరుగుతూ ఉన్నది అని అర్థం. ఇంగ్లీషువాళ్లు స్టార్‌లెట్ అంటారు. బుక్కుకు బుక్‌లెట్‌లాగా, చిన్న చుక్క అని. మన మాటే మంచిది తల్లీ.”

నాన్న చెప్పింది నిజం. ఆ ఇంగ్లీషు మాట మనిషిని చిన్నది చేస్తుంది, వాడుకలో కాస్త చులకన కూడా చేరింది. కవికీ, గాయకుడికీ, దేశానికీ పెట్టే విశేషణాన్నే మన పత్రికలవాళ్లు ఊరూపేరూ లేని పిల్లకూ పెట్టారు. ‘పాతాళభైరవి’లో ఒక నాట్యంలో కనిపించి వెళ్లిన సావిత్రి 1951లో వర్ధమాన నటే. 1953లో ‘దేవదాసు’ పార్వతి అయింది. వేషాల కోసం మా సందుకు వచ్చిన ప్రతి ఆడపిల్లా ఆ రెండేళ్ల లెక్క వేసుకునేది.

అక్కకు ఆ లెక్క కుదరలేదు. మూడేళ్లకు తల్లీకూతుళ్లు తెనాలి బండెక్కారు. రేకుపెట్టెలో పట్టుచీర మడతల మధ్య ఆ పత్రిక పెట్టుకోవడం చూశాను.

ఎక్స్‌ట్రా అనే మాట పోయి ఇప్పుడు హైదరాబాదు కృష్ణానగర్‌లో జూనియర్ ఆర్టిస్టు అంటున్నారు, సంతోషం. సినిమా పేజీలు రాసే పిల్లలకు నాదొక మనవి. కొత్తమ్మాయి ఫొటో వేసినప్పుడు కింద ‘వర్ధమాన నటి’ అనే రాయండి. పేరులో ఒత్తులు ఒకసారి సరిచూడండి.