63ని చూడు

హ్యూస్టన్ ఆస్ట్రోడోమ్ స్టేడియంలో, మైదానం కొసన ఉండే ఎండ్ జోన్ వెనక పై వరస సీట్లంటే చవక సీట్లు. 1986లో చమురు ధర పీపా పది డాలర్ల దగ్గరికి పడిపోయి హ్యూస్టన్‌లో ఆఫీసులకి ఆఫీసులే ఖాళీ అవుతున్న రోజుల్లో, మా కంపెనీలో ఉద్యోగం పోయిన ఒకాయన ఊరు వదిలి వెళ్తూ ఊరి ఫుట్‌బాల్ జట్టు ఆయిలర్స్ ఆటలకి తన టికెట్లు నా చేతిలో పెట్టాడు. అప్పటికి నాకు అమెరికన్ ఫుట్‌బాల్ అంటే ఏమీ తెలియదు. ఇరవై ఇద్దరు హెల్మెట్లు పెట్టుకుని నాలుగు సెకన్లు కొట్టుకుని, నలభై సెకన్లు నిలబడతారు. ఇంత డబ్బు పోసి ఇదేం ఆటరా బాబూ అనిపించేది.

పక్క సీటు మా డ్రాఫ్టింగ్ సెక్షన్ పెద్దాయనది. టెక్సస్‌లోనే పుట్టి పెరిగిన నల్లజాతి మనిషి. హైస్కూల్లో తనూ లైన్లో ఆడాడట. చవక సీట్లని నేను సణుగుతుంటే ఆయన నవ్వాడు. "టీవీ వాళ్లు పక్క నుంచి చూపిస్తారు, పక్క నుంచి చూస్తే బంతి ఒక్కటే కనపడుతుంది. లైన్ల మధ్య సందులు కనపడాలంటే ఇక్కడే కూర్చోవాలి. నువ్వు బంతి సంగతి మర్చిపో. 63ని చూడు" అన్నాడు.

63 నంబరు చొక్కా అంటే మైక్ మన్‌చాక్, లెఫ్ట్ గార్డ్. పెన్సిల్వేనియాలో స్క్రాంటన్ ఊరివాడు. పెన్ స్టేట్‌లో చదివి, కాలేజీ ఆటగాళ్లని జట్లు ఎంచుకునే 1982 డ్రాఫ్ట్‌లో ఎనిమిదో ఎంపికగా హ్యూస్టన్ వచ్చాడు. మరుసటేడు తొమ్మిదో ఎంపికగా ఇంకో లైన్‌మాన్ బ్రూస్ మాథ్యూస్ వచ్చాడు. ఆ రెండు సీజన్లలోనూ కలిపి ఆయిలర్స్ గెలిచినవి మూడే మూడు ఆటలు. జట్టు యాజమాన్యానికి ఎన్ని చీవాట్లు పెట్టినా, మొదట లైను కట్టుకుందామన్న ఆ బుద్ధికి మాత్రం దండం పెట్టాలి. 1984లో కెనడా నుంచి బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ వారెన్ మూన్ వచ్చేసరికి ఆయన ముందు నిలబడే మనుషులు సిద్ధంగా ఉన్నారు.

లైన్లో ఐదుగురు: మధ్యలో సెంటర్, ఆయనకి అటూ ఇటూ గార్డులు, చివర్లలో ట్యాకిళ్లు. బంతి వీళ్లు పట్టుకోరు, వీళ్ల పేరు మైకులో వినపడదు. వినపడిందంటే ఎదుటివాడి చొక్కా పట్టుకుని లాగినందుకు పది గజాల జరిమానా పడిందన్నమాట. పెద్దాయన బైనాక్యులర్స్ నాకిచ్చి నేల మీద ఆనించిన చెయ్యి చూడమనేవాడు. వేళ్ల మీద బరువు వేసి ముందుకు వాలితే ఎదుటివాణ్ని నెట్టడానికి వెళ్తున్నాడు, చెయ్యి తేలిగ్గా ఆనితే క్వార్టర్‌బ్యాక్‌ని కాయడానికి వెనక్కి జరుగుతాడు. ఎదుటివాడూ అదే చూస్తాడు కాబట్టి, మంచి లైన్‌మాన్ రెండింటికీ ఒకేలా కూర్చోవాలి. కొందరి సంగతి నేను కూడా కనిపెట్టేవాణ్ని. 63ని చూసి ఒక్కసారీ చెప్పలేకపోయాను.

నాకు బాగా నచ్చింది ఆయన పక్కకి పరుగెత్తే పద్ధతి. ఎదురుగా ఉన్నవాణ్ని వదిలేసి, ఒక అడుగు వెనక్కి వేసి, లైను వెనక నుంచి అవతలి కొసకి పరుగు తీసి, బంతి పట్టుకున్నవాడి ముందు దారి తెరిచేవాడు. నూట పాతిక కిలోల పైన ఉన్న మనిషి అంత కురచ అడుగులు వేస్తాడని కళ్లతో చూస్తే తప్ప నమ్మం.

1990లో జాక్ పార్డీ కోచ్‌గా వచ్చాక రన్ అండ్ షూట్ పద్ధతి వచ్చింది. బంతి పట్టేవాళ్లు నలుగురు బయటికి పరుగెత్తుతారు, లైనుకి సాయం నిలబడే టైట్ ఎండ్ అసలు ఉండడు. చూడ్డానికి పండగ. భారమంతా ఆ ఐదుగురి మీద. అవతలివాళ్లు ఇద్దరు అడ్డంగా చోట్లు మార్చుకుని దూకుతారు, స్టంట్ అంటారు దాన్ని. గార్డు తన మనిషిని ట్యాకిల్‌కి అప్పజెప్పి, ట్యాకిల్ మనిషిని తను అందుకోవాలి. తెనాలి దగ్గర మా ఊళ్లో కబడ్డీ ఆడినవాణ్ని కాబట్టి ఇది నాకు చప్పున అర్థమైంది: చేతులు కలిపి గొలుసు కట్టాక ఒకడు తొందరపడి ముందుకు దూకితే కూతకొచ్చినవాడు ఆ సందులోంచే పోతాడు.

1993 జనవరి 3 ఆదివారం. బఫెలోలో ప్లేఆఫ్ ఆట, హ్యూస్టన్ శివార్లలో ఓ మిత్రుడింట్లో తెలుగువాళ్లం నాలుగు కుటుంబాలు టీవీ ముందున్నాం. సగం ఆట అయ్యేసరికి 28-3, కాసేపటికి 35-3. ఇంక చూసేదేముంది అని ఆడవాళ్లు వడ్డన మొదలుపెట్టారు. గోంగూర పప్పు కలుపుకుంటుండగా బఫెలో వరసగా కొట్టడం మొదలెట్టింది, చివరికి అదనపు సమయంలో 41-38తో మేం ఓడిపోయాం. మర్నాడు ఆఫీసులో అందరూ డిఫెన్స్‌ని తిట్టారు. పెద్దాయన మాత్రం, ముప్పై రెండు పాయింట్లు ముందున్నవాడు బంతి కింద పెట్టుకుని నేల మీద నడుపుతూ గడియారం తినెయ్యాలి, టైట్ ఎండ్‌ని ఇంటికి పంపేసిన జట్టు అది ఎలా చేస్తుంది అన్నాడు. నా మటుకు నాకు ఇప్పటికీ అదే సరైన విశ్లేషణ.

ఆస్ట్రోడోమ్ పచ్చిక పచ్చికే కాదు, గట్టి నేల మీద పరిచిన తివాచీ. మన్‌చాక్ మోకాళ్లు ఏళ్ల తరబడి ఆపరేషన్ల మీదే నడిచాయి. 1993 సీజన్‌తో ఆట మానేశాడు. తొమ్మిదిసార్లు మేటి ఆటగాళ్ల ప్రో బౌల్‌కి వెళ్లినవాడు, 2001లో హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఎక్కబోయేవాడు, 1994లో అదే జట్టులో చిన్న సహాయకుడిగా చేరాడు. ఎవరెవరు ఎటు కదిలారో వీడియో టేపులు నడిపి, ఆపి, రాసుకునే పని. గొప్ప ఆటగాళ్లు సాధారణంగా మంచి కోచ్‌లు కారంటారు, తమకి సులువుగా వచ్చింది ఇంకొకడికి ఎందుకు రాదో వాళ్లకి అర్థం కాదని. ఈయన ఆ టేపుల చీకటి గది దగ్గర మొదలుపెట్టాడు కాబట్టే తప్పించుకున్నాడని నా అనుమానం.

1996 డిసెంబర్ 15న ఆస్ట్రోడోమ్‌లో ఆయిలర్స్ చివరి ఆటకి వెళ్లాను. జట్టు టెనెసీకి పోతోందని అందరికీ తెలుసు. పదిహేను వేల పైచిలుకు జనం. సిన్సినాటీ చేతిలో ఓడిపోయారు. చవక సీట్లవాళ్లం ఆ రోజు కావాలంటే మైదానం నడుముకి ఎదురుగానే కూర్చోవచ్చు, ఎవరూ అడిగేవాళ్లు లేరు. మేం మాత్రం మా చోటే కూర్చున్నాం.

1997లో టెనెసీ వెళ్లాక మన్‌చాక్‌ని లైన్ కోచ్‌ని చేశారు. తమాషా ఏమిటంటే బ్రూస్ మాథ్యూస్ ఇంకా ఆడుతూనే ఉన్నాడు. 2000 జనవరి 30న ఆ జట్టు, అప్పటికి టైటన్స్‌గా పేరు మార్చుకుని, ఫైనల్ అయిన సూపర్ బౌల్ ఆడినప్పుడు కోచ్‌కి 39 ఏళ్లు, ఆయన కింద లెఫ్ట్ గార్డుగా ఆడుతున్న స్నేహితుడికి 38. గోల్ గీతకి ఒక గజం దూరంలో ఆగిపోయి ఓడిపోయారు. జట్టు పోగొట్టుకున్న హ్యూస్టన్‌లో సగం మంది సంతోషించారనే చెప్పాలి. 2009లో టైటన్స్ ఆటగాడు క్రిస్ జాన్సన్ 2,006 గజాలు పరుగెత్తాడని పేపర్లన్నీ రాశాయి. ఆ సందులు తెరిచిన లైను మన్‌చాక్ తయారుచేసిందే. తర్వాత మూడేళ్లు హెడ్ కోచ్‌గా చేశాడు, 22 గెలుపులు, 26 ఓటములు. అప్పుడు లైన్ కోచ్ మాథ్యూస్. హెడ్ కోచ్ ఉద్యోగం మన్‌చాక్‌కి నప్పలేదు, అంతకంటే చెప్పేదేమీ లేదు.

నేను ఆయన్ని దగ్గరగా చూసింది పిట్స్‌బర్గ్‌లో. 2014లో స్టీలర్స్ లైన్ కోచ్‌గా వచ్చాడు, మా అమ్మాయి వాళ్లదీ అదే ఊరు. స్టీలర్స్ వేసవి శిక్షణ లట్రోబ్‌లోని సెయింట్ విన్సెంట్ కాలేజీలో జరుగుతుంది, జనం గట్టు మీద కూర్చుని చూడొచ్చు. పెన్ హిల్స్ వేంకటేశ్వరస్వామి గుడిలో దర్శనం చేసుకుని, పులిహోర పొట్లాలు కట్టించుకుని నేనూ మా అల్లుడూ బయల్దేరాం.

తల నెరిసిన మనిషి టోపీ పెట్టుకుని ఐదుగురి ముందు వంగి నిలబడ్డాడు. అరుపులు లేవు. అలెహాండ్రో విల్యనూవా అని ఆరడుగుల తొమ్మిదంగుళాల కుర్రాడు, వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీలో చదివి అఫ్గానిస్తాన్‌లో సైనికుడిగా పనిచేసి వచ్చినవాడు. అంతకుముందు వేరే జట్టు అతన్ని అవతలి వైపు, డిఫెన్స్‌లో, ఆడించి చూసి వదిలేసింది. మన్‌చాక్ అతని మోచేతులు పట్టుకుని లోపలికి నెట్టాడు, అరచేతులు ఎదుటివాడి రొమ్ముకే తగలాలన్నట్టు. కుర్రాడు మళ్లీ చేశాడు. ఈసారి ఆయన చేతుల సంగతి వదిలేసి పాదం వైపు వేలు చూపించాడు. మళ్లీ. గంట సేపు నేను చూసింది ఇంతే, పక్కన జనమంతా అవతలి మైదానంలో ఆంటోనియో బ్రౌన్ బంతులు పడుతుంటే కేకలు పెడుతున్నారు. 2015 అక్టోబర్‌లో లెఫ్ట్ ట్యాకిల్‌కి దెబ్బ తగిలితే ఆ కుర్రాడే దిగాడు, ఇక ఆ చోటు వదల్లేదు. 2017లో ప్రో బౌల్‌కి ఎంపికయ్యాడు.

2019 మొదట్లో అల్లుడు ఫోన్ చేశాడు.

"మామయ్య గారూ, మీవాడు డెన్వర్ వెళ్లిపోతున్నాడు."

"కూతురి కుటుంబం అక్కడే ఉందట కదయ్యా, వెళ్లనీ" అన్నాను.

"అది సరేనండీ, మరి ఇక్కడ మా క్వార్టర్‌బ్యాక్ రోత్లిస్‌బర్గర్‌ని ఎవరు కాస్తారు?" అని అల్లుడి గొడవ.