ఠాణా లెక్క, పద్దు లెక్క

నిర్బంధించిన మనిషిని కోర్టు ముందుకు తెప్పించే హెబియస్ కార్పస్ కేసు పట్టిన వకీలు ముందుగా చూసేది గంటలు. అరెస్టయిన మనిషిని, ప్రయాణానికి పట్టే సమయం మినహాయించి, 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలని రాజ్యాంగం 22వ అధికరణం చెబుతోంది. హైకోర్టులో పౌరహక్కుల న్యాయవాది కన్నబిరాన్ గారి వాదనలు విని ఈ దారి పట్టినవాణ్ణి నేను.

“మొన్న రాత్రి మావోణ్ణి జీపుల ఏసుకపోయిండ్రు సారూ” అంటూ భార్యో తల్లో వచ్చేది. ఆమెతో అఫిడవిట్ వేయించి అదే రోజు అత్యవసరంగా వినే లంచ్ మోషన్‌కు పరుగెత్తేవాళ్లం. మా దగ్గర లేడనేవారు పోలీసులు. మర్నాడు రిమాండ్ రిపోర్టు తయారు: ఈ ఉదయమే బస్టాండులో అనుమానాస్పదంగా తిరుగుతుంటే పట్టుకున్నారట! మనిషి దొరికాడు కనుక కోర్టు పిటిషన్ మూసేసేది. నడుమ గడిచిన రాత్రులు ఏ కాగితంలోనూ ఉండేవి కావు. నన్ను దహించింది ఆ రాత్రులే.

అరెస్టు మెమోలో తేదీ, సమయం రాయాలని, ఇంటివాళ్లో ఊళ్లో పెద్దమనిషో సాక్షి సంతకం పెట్టాలని డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది. 2020 డిసెంబరులో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో, ప్రతి ఠాణాలో సీసీ కెమెరాలుండాలని, రికార్డింగు కనీసం ఏడాదైనా దాచాలని ఆదేశించింది. ఆదేశం కోర్టుది, డబ్బులు మంజూరు చేయాల్సింది శాసనసభ. నేను ఎన్నికల్లో నిలబడింది అందుకే.

గెలిచి సభకు వచ్చాక, హోంశాఖ పద్దు మీద చర్చలో మా వంతుకు వచ్చేవి కొద్ది నిమిషాలు. ఉపన్యాసం జోలికి పోను. ఎన్ని కెమెరాలు పనిచేస్తున్నాయి, రికార్డింగు ఎన్నాళ్లు ఉంచుతున్నారు, ఈ రెండే అడుగుతాను. మంత్రి జవాబు సభ రికార్డులోకి ఎక్కితే దాన్ని పట్టుకుని మళ్లీ నిలదీయొచ్చు.

ఎమ్మెల్యేనయ్యాక ఇంటికొచ్చేవాళ్లు “ఎస్సైకి ఒక్క ఫోన్ కొట్టు సారూ” అంటారు. కొడతాను, అరెస్టు మెమో నకలు ఇవ్వమని అడుగుతాను. విడిచిపెట్టమని సిఫారసు చేయను. నా ఫోనుతో ఒకడు బయటికొస్తే, ఫోన్ చేయించుకునే దిక్కులేనివాడు లోపలే మిగిలిపోతాడు.

మీ వాళ్లనెవరినైనా తీసుకెళ్తే బండి నంబరు, ఎన్ని గంటలకు వచ్చారన్నది అప్పుడే రాసిపెట్టుకోండి. మెమోలో సమయం చదవకుండా సంతకం చేయకండి. వకీలును పెట్టుకునే స్తోమత లేకపోతే 15100కు ఫోన్ చేయండి. కస్టడీలో ఉన్న మనిషికి న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇవ్వాలి, అది చట్టం.