చెరువు దాటిన రొట్టె

మా మనుబోలు పెద్ద ఊరేమీ కాదు. నెల్లూరు నుంచి గూడూరు వెళ్ళే దారిలో, జాతీయ రహదారినీ రైలుపట్టాలనూ అంటిపెట్టుకుని వరిచేల మధ్య ఉంటుంది. మొహర్రం నెల వచ్చిందంటే మా వైపు ఇళ్ళలో రొట్టెల మాట మొదలవుతుంది. నెల్లూరులో స్వర్ణాల చెరువు ఒడ్డున బారాషహీద్ దర్గా ఉంది. అక్కడివి పన్నెండుమంది వీరుల సమాధులని ప్రతీతి. వాటి మహిమను మొదట కలలో విన్నది ఆ చెరువులో బట్టలుతికే ఒక ఇల్లాలనీ, ఆమె మాట ప్రకారం అక్కడి మట్టితో ఆర్కాటు నవాబుగారి బేగం జబ్బు నయమైందనీ పెద్దలు కథగా చెబుతారు.

రొట్టెల పండుగ చూడనివారి కోసం ఒక మాట. కోరిక ఉన్నవారు చెరువులోకి దిగి, అదే కోరిక అంతకుముందే తీరినవారి చేతినుంచి రొట్టె అందుకుంటారు. చదువు రొట్టె, ఉద్యోగ రొట్టె, పెళ్ళి రొట్టె, సంతాన రొట్టె, వ్యాపార రొట్టె… విదేశాలకు వెళ్ళాలనుకునేవారికి విదేశీ రొట్టె కూడా ఉంది. కోరిక తీరితే మరుసటి ఏడు అదే పేరుతో రొట్టె చేసి తెచ్చి మరొకరికి ఇవ్వాలి. ఇచ్చేవారి కులమేమిటో, పుచ్చుకునేవారి మతమేమిటో నీళ్ళలో నిలబడినవారు అడగరు. "ఏ రొట్టె కావాలమ్మా?" అని మాత్రమే అడుగుతారు.

మా అమ్మ నా కోసం అక్కడ ఉద్యోగ రొట్టె పుచ్చుకుంది. నాకు సింగపూరులో ఉద్యోగమైన మరుసటి ఏడు తానే రొట్టెలు కాల్చుకుని నెల్లూరు వెళ్ళి, ఇచ్చి వచ్చింది. "నీ బాకీ తీర్చేశాన్రా అబ్బయా" అని ఫోనులో చెప్పింది. నేను నవ్వి ఊరుకున్నాను.

సింగపూరులో సెరంగూన్ రోడ్డు వెంట నడిస్తే వీరమాకాళియమ్మన్ గుడి, అంగూలియా మసీదు, శ్రీనివాస పెరుమాళ్ కోవెల ఒకే దారిలో కనిపిస్తాయి. పక్కనే డన్‌లప్ వీధిలో అబ్దుల్ గఫూర్ మసీదు. ఆ చుట్టుపక్కల సందుల్లో ఒకదానిలో ఆరు బల్లల చిన్న హోటలు ఉంది. యజమాని రామనాథపురం వైపునుంచి వచ్చిన తమిళ ముస్లిము. అందరూ భాయ్ అంటారు. మైదా ముద్దను నూనె చేత్తో విసిరి విసిరి పల్చటి గుడ్డలా సాగదీసి, మడతలు పెట్టి పెనం మీద వేస్తాడు. ఆ ఊళ్ళో దాని పేరు రోటీ పరాటా. మలయాలో కూడా రొట్టెను రోటీ అనే అంటారు. విభూతి పెట్టుకున్నవారూ, టోపీ పెట్టుకున్నవారూ, పత్రిక చదువుకునే చీనా తాతగారూ ఒకే బల్ల దగ్గర సర్దుకుని కూర్చుంటారు. పప్పుచారులో ముంచుకుని వేడివేడి రొట్టె తింటుంటే కడుపుతోపాటు మరేదో కూడా నిండినట్టుంటుంది. అదేమిటో నాకు ఒక ఆదివారం సాయంత్రం తెలిసింది.

ఎదుటి కుర్రవాడు ఫోనులో "ఎట్టనో ఒకట్ట సర్దుకోమ్మా" అంటున్నాడు. ఆ యాస వింటే చాలు, మనవాడేనని తెలిసిపోతుంది. గూడూరు పక్క పల్లె. కట్టడం పనికి వచ్చాడు. పని పోయింది. దేశం విడిచి వెళ్ళడానికి ఇక కొద్దిరోజులే గడువు. ఏజెంటుకు కట్టిన సొమ్ముకు ఊళ్ళో వడ్డీ నడుస్తోంది. ఏమనాలో తోచక, "ఊళ్ళో ఉంటే ఉద్యోగ రొట్టె పుచ్చుకునేవాడివి" అన్నాను.

భాయ్ ఆ మాట విన్నాడు. ఏమిటా రొట్టె అని తమిళంలో అడిగాడు. చెప్పాను. పండుగను నవ్వులాటగా తీసుకుంటాడేమో అనుకున్నాను. ఆయన చేతులు కడుక్కుని వచ్చి, ఒక రొట్టె కాల్చి, కాగితంలో పెట్టి నా చేతికిచ్చాడు.

"నీకు ఉద్యోగం ఉంది గదా తంబీ. నువ్వే ఇవ్వాలి."

కుర్రవాడు లేచి కుళాయి దగ్గరికి వెళ్ళాడు. చేతులూ కాళ్ళూ తడుపుకుని, జేబురుమాలు తలమీద కప్పుకుని వచ్చి నిలబడ్డాడు. చెరువు లేని లోటు వాడలా తీర్చాడు. రొట్టె వాడి దోసిట్లో పెడుతుంటే నా చెయ్యి వణికింది. వాడు అక్కడే కూర్చుని తిన్నాడు. భాయ్ డబ్బు పుచ్చుకోలేదు.

భాయ్ కొలిచే దేవుడు వేరు, మా ఇలవేలుపు వేరు. ఆ కుర్రవాడు ఏ గుడికి వెళతాడో నేను అడగలేదు. కాని ఆ కాసేపూ వాడి కోరికను మేము ముగ్గురం కలిసి నమ్మాము. ఒకే దేవుణ్ణి నమ్మడంకన్నా ఎదుటివాడి కోరికను నమ్మడమే పెద్ద భక్తి అని నాకప్పుడు అనిపించింది. ఏళ్ళ తరబడి చెరువులో దిగి మా అమ్మ చేసినది కూడా ఇదే.

ఆ గడువులోగా వాడికి పని దొరకలేదు. వెళ్ళిపోయాడు. ఏడు నెలల తరువాత ఫోను చేశాడు. నాయుడుపేటలో ఒక షెడ్డులో పని దొరికిందట. జీతం తక్కువే, అప్పు సగం అలాగే ఉంది.

"అన్నా, ఈ మొహర్రానికి నేను రొట్టె ఇయ్యాల. చెరువులో ఇస్తే సరిపోద్దా, ఆడికొచ్చి ఇయ్యాల్నా?"

భాయ్‌ని అడిగాను. పెనం మీదనుంచి తల ఎత్తకుండా చెప్పాడు. "చెరువులోనే ఇమ్మను. అద్దె పెంచుతామంటున్నారు. నా పేరున ఒక వ్యాపార రొట్టె పుచ్చుకోమను."

వాడు పుచ్చుకున్నాడు. మొలలోతు నీళ్ళలో రొట్టె పట్టుకుని నిలబడిన ఫోటో పంపాడు. భాయ్ దాన్ని చాలాసేపు చూసి, పక్కనున్న చీనా తాతగారికి కూడా చూపించాడు. అద్దె సంగతి ఇంకా తేలలేదు. హోటలు తెరిచే ఉంది. నిన్న కూడా రెండు రొట్టెలు తిని వచ్చాను.